కట్ట మీద ఆగిన బస్సు

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. మిహింతలేలో కొన్న మారేడు పూల పొట్లం ఇవాళ పొద్దున విప్పితే వంటిల్లంతా ఆ వాసనే. మర్చిపోకముందే రాసి పెట్టుకుందామని కూర్చున్నాను. హనుమకొండ, వరంగల్, నర్సంపేట నుంచి 26 మందిమి, ఎక్కువమందిమి రిటైరైన టీచర్లమే, ఒక్క బస్సులో శ్రీలంక పాత రాజధానులు తిరిగి వచ్చాం. విమానాలు, గదుల సంగతి వదిలేసి దారి సంగతే రాస్తాను.

ఫిబ్రవరి 9, ఆదివారం: కురునేగల మీదుగా దంబుల్లకు

కురునేగల దాటేసరికి కొబ్బరితోటలు పలచబడి పొలాలు మొదలయ్యాయి. రోడ్డుకి ఒక పక్కన సగం మేర వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పేర్చారు. బస్సులో వెనక సీట్ల నుంచి "అగో, మన ఊరే!" అన్నారెవరో. వాళ్లకిది మహా అనే పెద్ద పంట కోతల కాలం. అక్టోబరు, నవంబరు వానలకు వేసి ఫిబ్రవరి, మార్చిలో కోస్తారు. ఎండాకాలపు చిన్న పంటను యల అంటారు. మన వానాకాలం, యాసంగి లాగే.

మా గైడ్‌కి ముప్పై ఏళ్లుంటాయి. ఇంగ్లీషు, తమిళం వచ్చు, హిందీ కొంచెం వచ్చు. బస్సెక్కుతుంటే నా చేతిసంచి అందుకుని "అక్కా, ఇటు కూర్చోండి" అన్నాడు. తెలుగు కూడా నేర్చాడనుకుని సంబరపడ్డాను. తర్వాత తెలిసింది, సింహళంలోనూ అక్క అంటే అక్కేనట. తమ్ముణ్ని మల్లి అంటారు. ఆ క్షణం నుంచి 26 మందికీ అతను మల్లి అయిపోయాడు.

మధ్యాహ్నం రోడ్డు పక్క చిన్న హోటల్లో అన్నం, నాలుగు కూరలు. పప్పు వాళ్లకు పరిప్పు, కొబ్బరిపాలు పోసి పలచగా వండుతారు. లేత పనసకాయ కూర పొలోస్. మన పనసపొట్టు కూర తిన్న నోటికి ఇది మసాలాగా, మాంసం ముక్కలా ఉంటుంది. గోటుకొల అని పచ్చి ఆకు సన్నగా తరిగి కొబ్బరి కోరు కలిపి పెట్టారు. అది సరస్వతి ఆకని మాలో ఒక పంతులమ్మ నోట్లో పెట్టగానే గుర్తుపట్టింది. ప్లేటు 600 రూపాయలు. మన రూపాయికి అక్కడ మూడున్నర దాకా వస్తాయి కాబట్టి మన లెక్కలో 175.

అక్కడే ఒక సంగతి జరిగింది. ఎర్రగా ఊరించే కొబ్బరి పచ్చడి, పొల్ సాంబోల్, అందరి ప్లేట్లలో వేశారు. మాలో ఆరుగురు శాకాహారులు. వడ్డించే అమ్మాయి ఒకాయన నుదుటి విభూతి చూసి, ఆయన ముద్ద కలుపుతుండగా చెయ్యి అడ్డం పెట్టింది. అందులో ఉంబలకడ ఉందని సైగ చేసింది. అంటే ఎండుచేప పొడి. ఆ ప్లేటు తీసేసి, లోపలికి వెళ్లి, వేరే రోట్లో ఉప్పు, మిరప, నిమ్మకాయ, కొబ్బరితో అప్పటికప్పుడు నూరి ఆరుగురికీ తెచ్చింది. పైసా ఎక్కువ తీసుకోలేదు. శ్రీలంక వెళ్లే శాకాహారులు పచ్చళ్ల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. కూర చూసి కనుక్కోవచ్చు, సాంబోల్ చూసి కనుక్కోలేం.

మేం తింటుండగానే ఫ్యాన్లు ఆగాయి. ఆ రోజు దేశం మొత్తం కరెంటు పోయింది. ఒక సబ్‌స్టేషన్‌లో కోతి దూరిందని సాయంత్రానికి అందరి ఫోన్లలో వార్త. హోటల్ వాళ్లు విసుక్కోలేదు. తాటాకు విసనకర్రలు తెచ్చి తలా ఒకటి పెట్టారు.

దంబుల్ల గుహల్లోకి చీకట్లోనే వెళ్లాం, ఫోన్ టార్చీలతో. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో వలగంబా రాజు రాజ్యం పోగొట్టుకుని ఈ కొండలో తలదాచుకున్నాడని, తిరిగి గెలిచాక గుహలను గుడులు చేశాడని చెప్తారు. అయిదు గుహలు, నూట యాభైకి పైగా బుద్ధ విగ్రహాలు, కప్పంతా బొమ్మలు. పెద్ద గుహలో కప్పు నుంచి నీటిచుక్కలు పడే చోట ఒక పాత్ర పెట్టి చుట్టూ కంచె కట్టారు. ఆ నీళ్లు పూజకే వాడతారు. టార్చి ఆర్పేసి నిలబడితే చుక్క పడ్డ శబ్దం ఒక్కటే వినిపించింది. కరెంటు ఉంటే అది నాకు వినపడేది కాదేమో.

ఫిబ్రవరి 10, సోమవారం: సిగిరియ, హబరణ పల్లె

పొద్దున ఏడింటికల్లా సిగిరియ, కాశ్యపుడనే రాజు కొండ మీద కట్టించిన కోట. పాస్‌పోర్టులు వెంట పెట్టుకోండని మల్లి రాత్రే చెప్పాడు. సార్క్ దేశాల వాళ్లకు మిగతా విదేశీయుల కంటే టికెట్ బాగా తక్కువ, కానీ పాస్‌పోర్టు చూపించాలి. ఇద్దరు హోటల్లో మర్చిపోయి వచ్చారు. వాళ్లు పూర్తి ధర కట్టాల్సి వచ్చింది.

కొండ చుట్టూ నేల నుంచి నిటారుగా దాదాపు 180 మీటర్లు. మెట్లు 1,200. మోకాళ్ల నొప్పులున్న తొమ్మిది మంది కింద తోటలోనే ఉండిపోయారు. మేం సగం దాకా వెళ్లి గోడబొమ్మలు చూశాం. అక్కడ ఫొటోలు తీయనివ్వరు, అదే మంచిదైంది. అందరూ ఫోన్లు దించి కళ్లతో చూశారు. ఒకామె చేతిలో కమలం, ఆ రేకను పట్టుకున్న వేళ్ల గోళ్లు కూడా గీశాడు చిత్రకారుడు. బొమ్మల కిందుగా సాగే నున్నటి గోడ మీద, ఎనిమిదో శతాబ్దం నుంచి చూడవచ్చిన వాళ్లు గీకిన పద్యాలున్నాయి. పరణవితాన అనే పండితుడు వాటిలో 685 చదివి 1956లో అచ్చువేయించాడు. ఇంత ఎత్తు ఎక్కి, రొప్పుతూ, ఆగి పద్యం రాసిన వాళ్లు వందల మంది. అది తల్చుకుంటే నాకు రాజు కంటే వాళ్ల మీదే ఇష్టం కలిగింది.

పైకెక్కే చోట ఉన్న పెద్ద సింహం బొమ్మ పాదాల దగ్గర "గట్టిగా మాట్లాడొద్దు" అని బోర్డు. పైన కందిరీగల తుట్టెలున్నాయి. మా గుంపు అంతసేపు మౌనంగా ఉన్నది ఆ ఒక్క చోటే.

మధ్యాహ్నం హబరణ దగ్గర ఒక పల్లెకు తీసుకెళ్లారు. ఎడ్లబండి కొంతదూరం, తర్వాత జంట దోనె కట్టిన పడవలో చెరువు దాటడం. ఇవి టూరిస్టుల కోసం చేసే ఏర్పాట్లే, అయినా చెరువు మాత్రం ఊరి చెరువు. కలువల మధ్య పడవ వెళ్తుంటే, పడవతను ఒక తామరాకు తుంచి మా వదిన తలకు టోపీలా పెట్టాడు. ఒడ్డున తెల్లమద్ది చెట్లు, వాళ్ల మాటలో కుంబుక్, వేళ్లు నీళ్లలో నానుతూ. అవతలి ఒడ్డున పూరింటి ఇల్లాలు రోటి ముందు రోకలి పట్టుకుని ఉంది. మాకు చూపించడానికి రెండు పోట్లు వేసి ఆగింది. నేను వెళ్లి రోకలి అందుకున్నాను. చిన్నప్పుడు మా అవ్వతో దంచిన చెయ్యి కదా, అలవాటు పోలేదు. ఆమె ఎదురుగా రెండో రోకలి తీసుకుంది. ఒకరి పోటు మధ్య ఒకరిది పడాలి, తప్పితే రోకళ్లు ఢీకొంటాయి. ఒక్కటీ ఢీకొనలేదు. ఆమె నవ్వి నా చేతిని తన చేత్తో పట్టుకుని అరచెయ్యి తిప్పి చూసింది.

భోజనం తామరాకులో. తామరదుంప కూర, చెరువు చేప, తైదపిండితో చేసిన రొట్టె. తైదలను కురక్కన్ అంటారు. చివర మట్టిముంతలో గేదె పెరుగు మీద జీలుగ చెట్టు పాకం పోసి ఇచ్చారు. ఆ చెట్టును వాళ్లు కితుల్ అంటారు. అది తిన్నాక వేరే తీపి ఏదీ గుర్తు రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఒక మూలికల తోటలో గంటన్నర పోయింది. టూరు కార్యక్రమంలో ఆ పేరే లేదు. నొప్పుల నూనె సీసా తొమ్మిది వేలు చెప్పి, పెద్దవాళ్ల మోకాళ్లకు రాసి మరీ అమ్మారు. నలుగురు కొన్నారు. ఆ గంటన్నర మిన్నేరియ చెరువు దగ్గర గడిపితే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ బాధ.

ఫిబ్రవరి 11, మంగళవారం: పొలన్నరువ

చోళులు 993లో అనురాధపురాన్ని కొల్లగొట్టి, 1017 నాటికి ద్వీపంలో చాలా భాగం తమ చేతిలోకి తీసుకుని, పొలన్నరువను రాజధాని చేసుకున్నారు. 1070లో సింహళ రాజు విజయబాహు వాళ్లను వెళ్లగొట్టినా రాజధాని మార్చలేదు. అందుకే బౌద్ధ స్తూపాల మధ్యలో చోళుల శివాలయం ఒకటి చెక్కుచెదరకుండా ఉంది. మా వాళ్లు రాతి గోడను ముట్టుకుని కళ్లకద్దుకున్నారు. లోపల లింగం ముందు ఎవరో అప్పుడే పెట్టిన మందారం ఉంది.

కొంచెం అవతల గల్ పోత, రాతి పుస్తకం. ఎనిమిది మీటర్ల పొడవు బండ మీద నిశ్శంకమల్లుడు తన గొప్పలన్నీ చెక్కించుకున్నాడు. ఆ రాజు తాను కళింగంలో సింహపురంలో పుట్టానని చెప్పుకున్నాడు. శ్రీకాకుళం దగ్గరి సింగుపురమే ఆ ఊరని కొందరు చరిత్రకారుల మాట. మా బస్సులో పలాస ఆడపడుచు ఒకామె ఉంది. ఆ మాట విన్నప్పటి నుంచి నిశ్శంకమల్లుణ్ని "మా వాడు" అనే అంటోంది.

గల్ విహార దగ్గర నేను చాలాసేపు కూర్చున్నాను. ఒకే కొండబండలో నాలుగు బుద్ధులు. పడుకున్న బుద్ధుడి పొడవు 14 మీటర్లు. దూరం నుంచి ఆ పొడవే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే తలగడ కనిపిస్తుంది. తల బరువుకు తలగడ కొంచెం నొక్కుకుపోయింది, రాతి తలగడ! పాదాలు రెండూ సమంగా లేవు, పై పాదం వేళ్లు కాస్త వెనక్కి జరిగాయి. నిద్రపోయేవాడి పాదాలు సమంగా ఉంటాయట, ఇది నిర్యాణం కాబట్టి అలా చెక్కారని మల్లి చెప్పాడు. మా నాయిన పోయిన పొద్దు ఆయన పాదాలు గుర్తొచ్చి నాకు కళ్లు నిండాయి.

అక్కడి మర్యాద ఒకటి అందరూ తెలుసుకోవాలి. విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగకూడదు. మాలో ఇద్దరు దిగబోతే కాపలా మనిషి కోప్పడలేదు, దగ్గరికొచ్చి భుజం పట్టి మెల్లగా ఇటు తిప్పాడు.

సాయంత్రం పరాక్రమ సముద్రం కట్ట ఎక్కాం. పేరుకు సముద్రం, చెరువు. పన్నెండో శతాబ్దంలో పరాక్రమబాహు కట్టించాడు. వాన చుక్క ఒక్కటి కూడా మనిషికి ఉపయోగపడకుండా సముద్రంలో కలవకూడదని ఆయన అన్నట్టు వాళ్ల చూళవంశంలో ఉంది. ఆయన 1186లో పోయాడు. మన పాఖాల చెరువు గణపతిదేవుడి కాలంలో, ఆ తర్వాత ఒక తరంలోనే లేచింది. మధ్యలో సముద్రం ఉన్నా ఒకే ఆలోచన.

కట్ట మీద మల్లి ఒక పుల్లతో మట్టిలో గీసి చూపించాడు. కట్టలోపల తూముకు ముందు చతురస్రంగా బావి లాంటిది కడతారు. దాన్ని బిసోకొటువ అంటారు. చెరువులోంచి ఉరికే నీళ్లు ముందు ఆ బావిలో పడి ఉధృతి తగ్గించుకుని, అప్పుడు తూములోంచి మెల్లగా బయటికి నడుస్తాయి. కట్ట కోసుకుపోదు. రెండు వేల ఏళ్లనాడే ఇంత పెద్ద చెరువులు కట్టగలగడానికి ఇదే కీలకమని ఇంజనీర్లు అంటారు. నేను ఆ గీతల ముందు గొంతుక్కూర్చుని మా ఊరి తూము ఎట్లా ఉంటుందో పక్కన గీశాను. "మీరు ఇంజనీరా అక్కా?" అని అడిగాడు. "మా నాయిన నీరటి" అన్నాను. నీరటి అంటే ఏంటో అతనికి చెప్పడానికి అరగంట పట్టింది.

ఇక్కడా చెప్తాను. నీరటి అంటే ఊరి చెరువు నీళ్లను పొలాలకు పంచేవాడు. వానాకాలం రాత్రుళ్లు మా నాయిన కట్ట మీదే ఉండేవాడు. గొంగడి, పార, లాంతరు, అంతే. ఏ మడికి ఎంతసేపు నీళ్లో ఆయన లెక్క. కోతలయ్యాక కల్లాల దగ్గర కొలిచిచ్చే వడ్లే జీతం. ఏ ఊరి నుంచి ఎవరొచ్చినా "మీ చెరువుల నీళ్లెన్నున్నయి?" అని అడిగినాకే మిగతా మంచీచెడూ.

ఫిబ్రవరి 12, బుధవారం, పౌర్ణమి: కలావెవ, అవుకన, అనురాధపురం

పౌర్ణమి శ్రీలంకలో సెలవు. పోయ అంటారు. మాంసం, మద్యం అమ్మరు. జనం తెల్లబట్టలు కట్టుకుని గుడికి పోతారు. రోడ్లన్నీ తెల్లగా ఉన్నాయి.

అవుకన బుద్ధ విగ్రహం చూడ్డానికి వెళ్లాలి. ఫోన్ మ్యాపు చూసి డ్రైవర్ దగ్గరి దారని మట్టిరోడ్డు ఎక్కించాడు. నాలుగు కిలోమీటర్లు పోయాక రోడ్డు కాస్తా చెరువు కట్ట అయింది. కట్ట మీద బస్సు పట్టేంత చోటు, ఎదురుగా ఆరబోసిన వడ్లు. ముందుకు పోవాలంటే వడ్లు తొక్కాలి. డ్రైవర్ ఇంజన్ ఆపేసి దిగి, వడ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తొక్కే ఆలోచనే అతనికి రాలేదు.

పక్క ఇంట్లోంచి ఒక ముసలాయన వచ్చాడు. సరాం, అంటే లుంగీ లాంటిది, కట్టుకుని, పోయ కాబట్టి తెల్ల చొక్కా. వెనకే కోడలు, ఇద్దరు పిల్లలు. మల్లి చెప్తుండగానే వాళ్లు గొర్రులతో వడ్లు ఒక పక్కకు లాగడం మొదలుపెట్టారు. మేం ఊరుకుంటామా? మొత్తం బస్సు దిగింది. హెడ్మాస్టర్లుగా రిటైరైన వాళ్లు కూడా చేతులతో వడ్లు పోగేశారు. ఇరవై నిమిషాల పని. ఆ తర్వాత వెళ్లిపోవాలి కానీ ముసలాయన కొబ్బరిబోండాలు దించమని మనవణ్ని చెట్టెక్కించాడు. తంబిలి అంటారు, నారింజ రంగు బోండం. రోడ్డు మీద 200 రూపాయలకు అమ్మేవి, అక్కడ డబ్బు తీస్తే ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

మల్లి ఆయనకు నా సంగతి చెప్పాడు. ముసలాయన నా వైపు తిరిగి తన గుండె మీద చెయ్యేసుకుని ఏదో అన్నాడు. వాళ్ల నాన్న వెల్ విదానె అట. అంటే ఊరి నీళ్ల పెద్ద. నీళ్లు పంచేదీ, కట్ట చూసేదీ, తగవులు తీర్చేదీ ఆయనే. జీతం వడ్లే. 1958లో చట్టం వచ్చి ఆ పదవి పోయింది, ఇప్పుడు రైతు సంఘం చూస్తుంది. అయినా పంటకు ముందు ఊరంతా ఒకచోట కూర్చుని, తూము ఏ రోజు తియ్యాలి, ఏ రకం వడ్లు వెయ్యాలి, ఏ రోజుకు కొయ్యాలి అని తేల్చుకోవడం మాత్రం పోలేదు.

"నీళ్లు తక్కువైన ఏడు ఏం చేస్తారు?" అని అడిగాను.

ఆయన చెప్పింది విని నాకు నోట మాట రాలేదు. ఆ ఏడు తూముకు దగ్గరున్న పొలాలే సాగు చేస్తారు. కానీ ఆ దగ్గరి పొలాలను ఆ పంటకు మాత్రం అందరికీ పంచుతారు. చివరి మడి వాడికి కూడా పైన ఒక ముక్క వస్తుంది. పంటయ్యాక ఎవరి భూమి వాళ్లది. దాన్ని బెత్మ అంటారు. మా దగ్గర నీళ్లు తక్కువైతే ఎన్నెకరాలకు పారుతాయో లెక్కగట్టి తైబందీ చేసేవాళ్లు. కట్ట కింది వాడు పండించుకునేవాడు, చివరి మడి వాడు ఎండబెట్టుకునేవాడు. అర్ధరాత్రి కాలువ గండి కొట్టిన వాళ్లతో మా నాయిన లాంతరు పట్టుకుని కొట్లాడి, తెల్లారి వాళ్ల ఇంటి ముందే కూర్చుని ఏడ్చిన రోజు నాకు తెలుసు. ఆయనకు ఈ బెత్మ సంగతి తెలిసి ఉంటే!

సంక్రాంతి సకినాలు డబ్బా నా సంచిలో మిగిలింది. తీసి పిల్లలకు ఇచ్చాను. కోడలు ఒకటి విరిచి తిని, "కోకిస్!" అంది. వాళ్ల కొత్త సంవత్సరానికి బియ్యప్పిండి, కొబ్బరిపాలతో అలాగే కరకరలాడేది చేస్తారట.

బస్సెక్కబోతుంటే ముసలాయన మల్లితో ఏదో అడగమన్నాడు. మల్లి నవ్వుతూ చెప్పాడు: "మీ ఊరి చెరువులో ఇప్పుడు నీళ్లెన్ని ఉన్నాయని అడుగుతున్నాడు."

నాకు తెలియదు. ఊరికి పోయి రెండేళ్లయింది. తల అడ్డంగా ఊపాను. ఆయన అర్థమైనట్టు నా తల మీద చెయ్యి పెట్టాడు.

ఆ తర్వాత కలావెవ చూశాం. అయిదో శతాబ్దంలో ధాతుసేనుడు కట్టించాడు. సిగిరియ కట్టిన కాశ్యపుడు ఆయన కొడుకే. నిధి ఎక్కడ దాచావని కొడుకు అడిగితే, తండ్రి ఈ చెరువుకు తీసుకొచ్చి, దోసిట్లో నీళ్లెత్తి "నా ఆస్తంతా ఇదే" అన్నాడట. కొడుకు ఆయన్ని గోడలో పెట్టి చంపించాడు. సోమవారం సిగిరియలో ఈ కథ సగమే విన్నాను, ఇక్కడ నీళ్ల పక్కన మిగతా సగం విన్నాను. ధాతుసేనుడే ఇక్కణ్నించి అనురాధపురానికి 87 కిలోమీటర్ల కాలువ తవ్వించాడు. మొదటి భాగంలో మైలుకు ఆరు అంగుళాల వాలు మాత్రమే. ఇప్పటికీ పారుతోంది. మేం మెట్లు దిగి దోసిట్లో నీళ్లు తీసుకున్నాం. ఎవరూ ఏమీ అనలేదు.

అవుకన బుద్ధుడు పీఠంతో కలిపి నలభై అడుగులకు పైన, నిలబడి, కొండరాతిలోంచి వీపు దగ్గర సన్నటి బంధంతో బయటికి వచ్చినట్టు ఉంటాడు. ముక్కు కొసన వానచుక్క పడితే తిన్నగా రెండు పాదాల మధ్య పడుతుందని చెప్పుకుంటారు.

రాత్రి అనురాధపురం. వెన్నెల్లో రువన్‌వెలిసాయ తెల్లటి గుమ్మటం, ఎత్తు నూరు మీటర్ల పైనే. వేలమంది ఉన్నారు, తోపులాట లేదు. ఒక కుటుంబం పొడవాటి కాషాయ వస్త్రాన్ని తలల మీద మోస్తూ స్తూపం చుట్టూ తిరిగింది. పక్కన నిలబడ్డ నాకూ అంచు అందించారు. ఒక చుట్టు నడిచాను.

ఫిబ్రవరి 13, గురువారం: అనురాధపురం, మిహింతలే

మహాబోధి చెట్టు దగ్గర తనిఖీ గట్టిగా ఉంటుంది. 1985లో ఈ ఊరి బస్టాండులో, ఇక్కడ భక్తుల మీద కాల్పులు జరిగాయి, ఆ రోజు దాడుల్లో మొత్తం 146 మంది చనిపోయారు. మల్లి ఆ మాట గొంతు తగ్గించి చెప్పి, కాసేపు మాట్లాడలేదు. చెట్టు క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ బోధివృక్షం నుంచి తెచ్చిన కొమ్మ. కొమ్మలకు బంగారు పూత ఊతకర్రలు. కింద కూర్చున్న వాళ్లు రాలే ఆకు కోసం ఎదురుచూస్తారు, తెంపరు. మా వదిన ఒళ్లో ఒకటి పడింది. ఆమె దాన్ని పక్కన కూర్చున్న పచ్చి బాలింతకు ఇచ్చేసింది.

జేతవన స్తూపం పూర్తిగా ఇటుకలే. మొదట్లో 122 మీటర్లు ఉండేది, అప్పటి లోకంలో గీజా పిరమిడ్లు రెండే దానికంటే ఎత్తు. ఎండకు రాళ్లు కాలుతున్నాయి, చెప్పులు విడవాలి కాబట్టి మేజోళ్లు తెచ్చుకోండి. పాత విహారాల మెట్ల ముందు చంద్రశిలలు, అంటే అర్ధచంద్రాకారంలో చెక్కిన రాళ్లు, చూస్తుంటే నాగార్జునకొండ గుర్తొచ్చింది. మూడో శతాబ్దంలో అక్కడ సింహళ విహారం ఉండేదని ఇక్ష్వాకుల శాసనం చెప్తుంది. అంటే ఈ ద్వీపం భిక్షువులు మన కృష్ణ ఒడ్డున ఉండేవాళ్లన్నమాట.

ఎలారుడి కథ కూడా ఇక్కడే విన్నాం. చోళదేశం నుంచి వచ్చి ఈ ఊరిని ఏలిన రాజు. కొడుకు రథం కింద దూడ పడి చస్తే కొడుక్కి మరణశిక్ష వేశాడు. మన బెజవాడ మాధవవర్మ కథ లాగే ఉందని అందరం ఒకేసారి అన్నాం. నాకు నచ్చింది ఆ తర్వాతి సంగతి. సింహళ రాజు దుట్టగామణి అతన్ని యుద్ధంలో చంపి, సమాధి కట్టించి, ఆ దారిన వెళ్లేటప్పుడు వాద్యాలు ఆపాలని ఆజ్ఞ వేశాడట.

సాయంత్రం మిహింతలే. మెట్లు 1,840, కానీ బస్సు కొంత పైదాకా పోతుంది. భోజనశాల శిథిలంలో రాతి తొట్టెలు, భిక్షువులకు అన్నం నింపడానికి. పక్కన పదో శతాబ్దపు రెండు శాసనాలు: ఏ పని చేసే వాళ్లకు ఎంత ఇవ్వాలి, ఏం చేయాలి, అన్నీ చెక్కారు. అక్కడే ఒక అవ్వ దగ్గర మారేడు పూల చాయ్ తాగాం. బెలిమల్. చక్కెర వెయ్యరు, జీలుగ బెల్లం ముక్క పక్కన పెడతారు, కొరుక్కుంటూ తాగాలి. వంద రూపాయలు. శివుడికి మారేడు దళం పెట్టడమే తెలుసు, పువ్వు ఇంత కమ్మగా ఉంటుందని నాకు అరవై ఏళ్లకు తెలిసింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం: తిస్స వెవ

బస్సు తొమ్మిదింటికి. నేను, వదిన ఆరింటికే తిస్స వెవ కట్ట మీదికి నడిచాం. కలావెవ కాలువ నీళ్లు చేరేది ఇందులోకే. మెట్ల మీద ఆడవాళ్లు గుండెల దాకా బట్ట కట్టుకుని స్నానాలు చేస్తున్నారు. ఒక తండ్రి బడిపిల్లకు తల రుద్దుతున్నాడు. నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నాయి. తూము దగ్గర నీటిమట్టం అంకెల పలక. ఒకతను సైకిల్ ఆపి, చూసి, చిన్న పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయాడు.

అక్కణ్నించే ఊళ్లో తమ్ముడికి ఫోన్ చేశాను. నిద్రలో ఎత్తాడు.

"ఏమైందక్కా? అంతా మంచేనా?"

"మంచే. మన చెరువుల నీళ్లెన్నున్నయిరా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి చెప్పులేసుకున్న చప్పుడు వినబడింది. పది నిమిషాలకు వాడే చేశాడు. "రెండో తూము దాక ఉన్నయి. యాసంగికి ఎల్తయి. చిన్న తూము కాడ ఊట పడుతుంది, చూసినవా అని ఎవ్వలూ అడగలే."

బస్సెక్కాక మల్లికి చెప్పాను, ఆ దారిన ఎప్పుడైనా పోతే కట్ట మీద తాతకు చెప్పమని: రెండో తూము దాకా. మల్లి ఫోన్‌లో రాసుకున్నాడు. నిన్న అతని దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. ముసలాయన కట్ట మీద నిలబడి, చేతిని మోకాలి ఎత్తున పెట్టి, మత్తడికి ఇంకా ఎంత ఉందో చూపిస్తున్నాడు.